ఆస్ట్రేలియా వర్కింగ్ హాలిడే: ఒంటరిగా వెళ్లి పని సంపాదించుకోవడం ఎలా? దక్షిణ ఒడిశా తెలుగువారికి సమగ్ర మార్గదర్శి

బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, జయపురం వైపు మన ఇళ్లలో విదేశంలో పని అంటే ఎక్కువమందికి గుర్తొచ్చేది గల్ఫ్. ఏజెంటు ఉంటాడు, బయల్దేరకముందే కాంట్రాక్టు చేతికొస్తుంది, దిగగానే కంపెనీ గది చూపిస్తుంది. ఆస్ట్రేలియా వర్క్ అండ్ హాలిడే వీసా, అంటే సబ్‌క్లాస్ 462, అలాంటిది కాదు. ఇందులో ముందు వీసా వస్తుంది, పని అక్కడికి వెళ్లాక మీరే వెతుక్కోవాలి. ఏజెంటుకు ఇందులో చేయగలిగిన పనేమీ లేదు. కాబట్టి మీకు తెలియాల్సిన అసలు సంగతి ఒకటే: ఏ నెలలో ఏ ఊళ్లో ఉంటే పని దొరుకుతుందో ముందే తేల్చుకోవాలి. అది తేలితే రెజ్యూమే, ఫోన్లు, జీతం లెక్కలు అన్నీ దాని వెనకే కుదురుతాయి. అది తేలకుండా వెళ్తే, తెచ్చుకున్న డబ్బు హాస్టల్ అద్దెకే అయిపోతుంది.

వీసా: లాటరీ, ఆ తర్వాత 28 రోజులు

భారత్, ఆస్ట్రేలియా వాణిజ్య ఒప్పందం 2022 డిసెంబర్ 29న అమల్లోకి వచ్చింది. దాని కింద మన దేశానికి ఏటా 1,000 వీసాలు కేటాయించారు. మొదటి లాటరీకి 2024 అక్టోబర్ 1 నుంచి 31 దాకా పేర్లు తీసుకున్నారు. మొదటి రెండు వారాల్లోనే దాదాపు 40 వేల మంది పేరు ఇచ్చారు. ఏ ఏడాదికి ఆ ఏడాది తేదీలు ఆస్ట్రేలియాలో వీసాలు చూసే హోం అఫైర్స్ శాఖ వెబ్‌సైట్‌లో ప్రకటిస్తారు.

పేరు నమోదు చేయడానికి ఆ శాఖ దగ్గర ఇమ్మీఅకౌంట్ అనే ఆన్‌లైన్ ఖాతా తెరవాలి. పాస్‌పోర్ట్, పాన్ వివరాలు ఇచ్చి 25 ఆస్ట్రేలియన్ డాలర్లు కట్టాలి. పేరు రాకపోతే ఆ డబ్బు తిరిగి రాదు. ఎంపిక కంప్యూటర్ తీసే లాటరీ. ‘నాకు లోపల మనిషి ఉన్నాడు, పేరు తీయిస్తాను’ అని ఎవరైనా లక్షలు అడిగితే అది పచ్చి మోసం. అక్కడితో మాట ఆపేయండి.

పేరు వస్తే అసలు దరఖాస్తు పెట్టడానికి 28 రోజులే గడువు. 2025-26లో వీసా రుసుము 670 డాలర్లు. వయసు 18 నుంచి 30 మధ్య ఉండాలి, అంటే 31వ పుట్టినరోజు రాకముందే దరఖాస్తు పెట్టాలి. డిగ్రీ గానీ, ఇంటర్ తర్వాత కనీసం రెండేళ్ల చదువు గానీ పూర్తయి ఉండాలి. ఐఈఎల్‌టీఎస్ అనే ఇంగ్లీషు పరీక్షలో సగటున 4.5 చాలు. దరఖాస్తు పెట్టేటప్పుడు మీరు ఆస్ట్రేలియా బయట ఉండాలి, మీ మీద ఆధారపడ్డ పిల్లల్ని వెంట తీసుకెళ్లడానికి లేదు. వీసా వచ్చిన రోజు నుంచి 12 నెలల్లోపు ఆ దేశంలో అడుగు పెట్టాలి. అడుగు పెట్టిన రోజు నుంచి 12 నెలలు ఉండొచ్చు.

28 రోజుల్లో ఐఈఎల్‌టీఎస్‌కు కూర్చుని ఫలితం తెచ్చుకోవడం ఊపిరాడని పరుగు. లాటరీకి పేరు ఇచ్చిన నెలలోనే విశాఖలోనో భువనేశ్వర్‌లోనో పరీక్ష రాసేయండి.

మన జిల్లాల్లో అసలు చిక్కు: పేరు

మన ప్రాంతంలో కాగితాలు ఆగేది ఎక్కువగా ఇక్కడే. బడిలో పేరు ఒడియా ఉచ్చారణ ప్రకారం రాస్తారు. ‘వెంకట’ అన్నది ‘బెంకట’ అవుతుంది, ‘విశ్వనాథ’ అన్నది ‘బిశ్వనాథ’ అవుతుంది. ఇంటిపేరు మన ఆధార్‌లో ముందుంటే హెచ్‌ఎస్‌సీ (పదో తరగతి) సర్టిఫికెట్‌లో చివరికి వెళ్తుంది. ‘అప్పారావు’ ఒకచోట ఒకే మాటగా, ఇంకోచోట ‘అప్పా రావు’ అని రెండుగా పడుతుంది. పాన్‌లో ఇంటిపేరు పొట్టి అక్షరంగా మిగిలిపోతుంది.

సరిచేసే వరుస ఇది. హెచ్‌ఎస్‌సీ సర్టిఫికెట్ మార్పించడం అన్నిటికన్నా కష్టం కాబట్టి దాన్నే మూలంగా పెట్టుకోండి. ఆధార్‌ను దానికి సరిపెట్టండి. తర్వాత పాస్‌పోర్ట్ తీసుకోండి, ఇంటిపేరు ఇంటిపేరు గడిలోనే, సొంత పేరు సొంత పేరు గడిలోనే పడేలా చూసుకోండి. చివరికి పాన్‌ను పాస్‌పోర్ట్‌తో అక్షరం తేడా లేకుండా కలపండి. ఇదంతా లాటరీ తేదీలకు మూడు నెలల ముందే పూర్తయి ఉండాలి. పాస్‌పోర్ట్‌కు ఒడిశా మొత్తానికి ప్రాంతీయ కార్యాలయం భువనేశ్వర్‌లోనే ఉంది, పోలీసు విచారణకు పట్టే రోజులు కూడా లెక్కలో వేసుకోండి. పాత డిగ్రీ మార్కుల జాబితాలో మాత్రమే తేడా ఉండి మార్చడం కుదరకపోతే, రెండు పేర్లూ ఒకరివే అని అఫిడవిట్ చేయించి దరఖాస్తుతో జతచేయండి.

డబ్బు

చేతిలో 5,000 ఆస్ట్రేలియన్ డాలర్లు, తిరుగు టికెట్ ఖర్చు ఉన్నట్టు చూపాలి. మన లెక్కలో ఆ 5,000 డాలర్లు సుమారు మూడు లక్షల రూపాయలు. దరఖాస్తుకు ముందు వారం ఖాతాలో ఒక్కసారే మూడు లక్షలు పడితే అది అప్పు తెచ్చిన డబ్బులా కనిపిస్తుంది. పలాసలో జీడిపిక్కలు అమ్మిన డబ్బయినా, నాన్నగారి పీఎఫ్ డబ్బయినా, కొన్ని నెలల ముందే మీ ఖాతాలోకి తెచ్చి, ఎక్కడిదో చూపే కాగితం దగ్గర పెట్టుకోండి. వడ్డీకి తెచ్చి వెళ్లొద్దు. మొదటి జీతం చేతికి రావడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పట్టొచ్చు. ఆ వారాల్లో వడ్డీ భయం మెడ మీదుంటే ఎంత తక్కువ కూలికైనా ఒప్పేసుకుంటారు.

నెల, ఊరు: పని నిర్ణయమయ్యేది ఇక్కడే

ఆస్ట్రేలియాలో రుతువులు మనకు తలకిందులు. డిసెంబర్, జనవరి అక్కడ ఎండాకాలం. ఉత్తర భాగంలో, అంటే డార్విన్, కెయిర్న్స్, బ్రూమ్ వైపు, ఎండాకాలం లేదు, చలికాలం లేదు. మే నుంచి అక్టోబర్ దాకా పొడి రోజులు, నవంబర్ నుంచి ఏప్రిల్ దాకా వానలు, తుఫాన్లు. పర్యాటకులు పొడి రోజుల్లోనే వస్తారు, కూరగాయల కోతలూ అప్పుడే. జనవరిలో డార్విన్‌లో దిగినవాడికి హోటళ్లలో ఉన్నవాళ్లకే షిఫ్టులు చాలడం లేదనే మాట ఎదురవుతుంది.

నెలల వారీగా ఇలా చూడండి. మే నుంచి నవంబర్ దాకా క్వీన్స్‌లాండ్‌లోని బోవెన్, ఎయిర్ పరిసరాల్లో టమాటా, క్యాప్సికం, ఇతర కూరగాయల కోత. ఇదే కాలంలో కెయిర్న్స్, ఎయిర్లీ బీచ్, బ్రూమ్, డార్విన్‌లలో హోటళ్ల గదుల పని, వంటగది పని. సెప్టెంబర్ నుంచి డిసెంబర్ దాకా డార్విన్, క్యాథరిన్ చుట్టూ మామిడి. డిసెంబర్ నుంచి ఫిబ్రవరి దాకా మరీబా వైపు మామిడి, తాస్మేనియాలో చెర్రీ. ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా విక్టోరియాలోని మిల్దూరాలో ద్రాక్ష. మార్చి నుంచి మే దాకా తాస్మేనియాలో యాపిల్. టల్లీ, ఇన్నిస్‌ఫెయిల్‌లలో అరటి ఏడాదంతా ఉంటుంది, అందుకే అన్ని కాలాల్లోనూ అది ఆదుకునే పని. ప్రభుత్వం నడిపే హార్వెస్ట్ ట్రెయిల్ సేవలో ఏ ఊళ్లో ఏ పంట ఎప్పుడో వివరంగా ఉంటుంది. అందులో నెలవారీ గైడు ఉచితంగా దింపుకోవచ్చు.

మా సలహా: వీసా ఎప్పుడు వచ్చినా, వీలైతే ఏప్రిల్ చివర దిగేలా టికెట్ తీసుకోండి. మే నుంచి డిసెంబర్ దాకా ఉత్తరాన ఒక ఊరి తర్వాత ఒక ఊరు పని దొరుకుతుంది, వానలు మొదలయ్యేసరికి దక్షిణానికి దిగొచ్చు. సిడ్నీ, మెల్‌బోర్న్‌లలో తెలుగువాళ్లు చాలామంది ఉన్నారు కాబట్టి ముందు అక్కడికే వెళ్లాలనిపిస్తుంది. మొదటి వారం సర్దుకోవడానికి అది మంచిదే. కానీ అక్కడి కాఫీ హోటల్ పని రెండో ఏడాది వీసాకు (దాని సంగతి కింద చెప్తాం) లెక్కలోకి రాదు, గది అద్దె కూడా ఎక్కువ.

దిగాక మొదటి వారం

సూపర్ మార్కెట్‌లో ప్రీపెయిడ్ సిమ్ కొనండి. లోకల్ నంబరు లేని రెజ్యూమేను ఎవరూ తిరిగి పిలవరు. బ్యాంకు ఖాతా పాస్‌పోర్ట్‌తో తెరవండి. టీఎఫ్‌ఎన్, అంటే పన్ను నంబరు, ఏటీవో (ఆస్ట్రేలియా పన్నుల శాఖ) వెబ్‌సైట్‌లో ఉచితంగా దరఖాస్తు చేయండి. రావడానికి 28 రోజుల దాకా పట్టొచ్చు. అది రాకముందే పనిలో చేరవచ్చు, కానీ నంబరు ఇవ్వకుండా ఎక్కువ రోజులు గడిస్తే జీతంలో 45 శాతం కోసేస్తారు. అక్కడి ప్రభుత్వ వైద్య పథకం మెడికేర్ విషయంలో భారత్‌తో ఒప్పందం లేదు, కాబట్టి ఆరోగ్య బీమా ఇక్కడే తీసుకుని వెళ్లండి.

ఊరగాయ, చింతపండు, నెయ్యి, జీడిపప్పు, ఏది తీసుకెళ్లినా విమానంలో ఇచ్చే కార్డులో ఉందనే రాయండి. రాసినదాన్ని వాళ్లు మహా అయితే పారేస్తారు, దాచినదానికి పెద్ద జరిమానా పడుతుంది.

కొన్ని పనులకు ముందుగా ఒక కార్డు కావాలి. మద్యం వడ్డించే చోట ఆర్‌ఎస్‌ఏ, కట్టడాల్లో వైట్ కార్డ్. ఆర్‌ఎస్‌ఏ నిబంధనలు రాష్ట్రాన్ని బట్టి మారతాయి, కాబట్టి ఏ రాష్ట్రంలో పని చేస్తారో తేలాకే తీసుకోండి. జేకే పూర్ పేపర్ మిల్లులోనో దామన్‌జోడిలోనో ఫోర్క్‌లిఫ్ట్ నడిపిన అనుభవం ఉన్నవాళ్లు గమనించాలి: ఆ పనికి అక్కడ వేరే లైసెన్సు తప్పనిసరి, మన దగ్గరిది చెల్లదు. కారు నడపగలిగితే ఆర్టీవోలో అంతర్జాతీయ డ్రైవింగ్ పర్మిట్ తీసుకెళ్లండి. తోటలు ఊరికి పది, ఇరవై కిలోమీటర్ల దూరాన ఉంటాయి, బస్సులు ఉండవు. నడపగలిగినవాడికి పని త్వరగా దొరుకుతుంది.

రెజ్యూమే, ఫోన్

మన బయోడేటా అక్కడ పనికిరాదు. ఫొటో, పుట్టిన తేదీ, తండ్రి పేరు, మతం, పెళ్లి అయిందా లేదా, ఇవన్నీ తీసేయండి. ఒక పేజీ, మహా అయితే రెండు. పైన పేరు, ఆస్ట్రేలియా ఫోన్ నంబరు, ఇప్పుడు ఉంటున్న ఊరు. దాని కిందే వీసా రకం, అది ముగిసే తేదీ, ఎప్పటి నుంచి ఎన్నాళ్లు చేయగలరో రాయండి. తోట యజమాని ముందు చూసేది ఈ మూడే.

తర్వాత అనుభవం. ఇక్కడ మనవాళ్లు తమ పనిని తామే తక్కువ చేసి రాస్తారు. జీడిపప్పు కార్ఖానాలో గ్రేడింగ్, ప్యాకింగ్ చేసి ఉంటే అది ప్యాకింగ్ షెడ్డు అనుభవమే. రోజుకు ఎన్ని గంటలు నిలబడి చేశారో, ఎన్ని రకాలు వేరుచేశారో రాయండి. గోపాల్‌పూర్ హోటల్లో గదులు సర్దిన పని హౌస్‌కీపింగ్. ఇంటి పొలంలో ట్రాక్టర్ నడిపితే ఏ రకం ట్రాక్టరో, ఎన్నేళ్లో రాయాలి. ఇంజనీరింగ్ డిగ్రీని ఒక్క వరుసలో రాసి వదిలేయండి. అది పైన కనిపిస్తే ఈ అబ్బాయి రెండు వారాల్లో వెళ్లిపోతాడని అనుకుంటారు. చివర ఇద్దరు పాత యజమానుల పేర్లు, ఈమెయిల్‌లు ఇవ్వండి, వాళ్లకు ముందే చెప్పి ఉంచండి.

హోటళ్లకు నేరుగా వెళ్లి అడగడమే మంచిది. మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు మధ్య వెళ్లండి, భోజనాల వేళ వెళ్తే తలెత్తి కూడా చూడరు. మేనేజర్ పేరు అడిగి ఆయన చేతికే కాగితం ఇవ్వండి. తోటలకు మాత్రం ఫోనే, అదీ ఉదయం తొందరగా. ఇంగ్లీషులో తడబడతామనే భయంతో చాలామంది మెసేజ్ పెట్టి ఊరుకుంటారు, జవాబు రాదు. ఈ నాలుగు మాటలు ముందే నోటికి తెచ్చుకోండి: ‘హాయ్, ఐ యామ్ లుకింగ్ ఫర్ ఫార్మ్ వర్క్. ఐ యామ్ ఇన్ బోవెన్ నౌ, ఐ హ్యావ్ ఎ ఫోర్ సిక్స్ టూ వీసా. ఐ కెన్ స్టార్ట్ టుమారో అండ్ స్టే త్రీ మంత్స్.’ ఆ ఊళ్లోనే ఉన్నానన్న మాట చాలా బరువైనది. సిడ్నీ నుంచి ఫోన్ చేసి వస్తానన్నవాళ్లలో సగంమంది రారని వాళ్లకు తెలుసు.

సీక్, జోరా, ఇండీడ్, గమ్‌ట్రీలలో ప్రకటనలు వస్తాయి. వర్కింగ్ హాస్టళ్లు తోటలకు మనుషుల్ని పంపుతాయి, కొత్తవాళ్లకు ఇది తేలికైన దారి. కానీ పంట ఇంకా రాకముందే గదులు నింపి, ‘వచ్చే వారం పని’ అంటూ అద్దె తీసుకునే చోట్లు ఉన్నాయి. చేరకముందు రెండు ప్రశ్నలు అడగండి: ఈ వారం ఎంతమంది పనికి వెళ్తున్నారు, ఒక్కొక్కరికి ఎన్ని గంటలు వస్తున్నాయి. జవాబు తేలిగ్గా రాకపోతే ఒక వారానికి మించి అద్దె కట్టకండి.

మధ్యలో కాంట్రాక్టర్ ఉంటే, క్వీన్స్‌లాండ్, విక్టోరియా, సౌత్ ఆస్ట్రేలియాలలో ఆయనకు లేబర్ హైర్ లైసెన్సు ఉండాలి. ఆ లైసెన్సుల పట్టీ ఇంటర్నెట్‌లో అందరికీ కనిపిస్తుంది, ఐదు నిమిషాల్లో పేరు వెతకొచ్చు. మన భాష మాట్లాడాడని ఈ అడుగు దాటేయొద్దు. పని ఇప్పించినందుకు డబ్బు అడిగినవాడు ఎవరైనా సరే, పక్కకు తప్పుకోండి.

జీతం లెక్క

2025 జూలై 1 నుంచి జాతీయ కనీస వేతనం గంటకు 24.95 డాలర్లు. మీకు దొరికేవి ఎక్కువగా క్యాజువల్, అంటే పర్మనెంటు కాని, పనులు. వీటికి సెలవు జీతం ఉండదు, అందుకు బదులు 25 శాతం కలిపి గంటకు 31.19 ఇవ్వాలి. చాలా పనులకు రంగాన్ని బట్టి వేరే రేట్లున్నాయి, మీ పనికి ఎంతో, పనివాళ్ల జీతాలు, హక్కులు చూసే ప్రభుత్వ సంస్థ ఫెయిర్ వర్క్ వెబ్‌సైట్‌లోని లెక్కింపు పేజీలో చూసుకోండి.

వారానికి 38 గంటలు 31.19 చొప్పున చేస్తే 1,185 డాలర్లు. యజమాని వర్కింగ్ హాలిడే యజమానిగా నమోదై ఉంటే, ఏడాదికి 45,000 డాలర్ల దాకా 15 శాతం పన్ను, అంటే వారానికి 178 పోయి 1,007 చేతికి వస్తాయి. నమోదు కాకపోతే 30 శాతం కోస్తాడు, చేరకముందే అడగండి. ఇవి కాక 12 శాతం, అంటే మరో 142 డాలర్లు, సూపర్ అనే మీ పింఛను ఖాతాలో యజమాని తన జేబులోంచి వేయాలి.

తోటల్లో బుట్ట లెక్కన, అంటే పీస్ రేటుకు, పని ఉంటుంది. 2022 ఏప్రిల్ 28 నుంచి పీస్ రేటు పనిలో కూడా గంటకు ఇంతకు తగ్గకూడదనే హద్దు వచ్చింది. ఎన్ని బుట్టలు నిండినా, నిండకపోయినా గంటల లెక్కన రావాల్సినది రావాలి. ‘నువ్వు నెమ్మది, అందుకే తక్కువ’ అనడం చెల్లదు. దీనికి రుజువు మీ దగ్గరే ఉండాలి: మొదలుపెట్టిన గంట, ముగించిన గంట రోజూ ఫోన్‌లో రాసుకోండి. ఫెయిర్ వర్క్ వాళ్ల రికార్డ్ మై అవర్స్ యాప్ ఇందుకే ఉంది.

‘ఏబీఎన్ (వ్యాపార నంబరు) తీసుకుని రా’ అన్నారంటే మిమ్మల్ని కూలీగా కాక కాంట్రాక్టరుగా రాస్తారన్నమాట. అప్పుడు సూపర్ రాదు, కనీస వేతనం వర్తించదు, దెబ్బ తగిలితే బాధ్యత మీదే అంటారు. కోతకు, ప్యాకింగ్‌కు, గదులు సర్దడానికి ఏబీఎన్ అక్కర్లేదు. ఒప్పుకోకండి.

ఒళ్లు కాపాడుకోవడం

మామిడి కోతకు వెళ్లేవాళ్లకు ఒక మాట. తొడిమ తెగిన క్షణంలో చిమ్మే సొన చర్మాన్ని కాలుస్తుంది. జీడిపిక్క ఒలిచినవాళ్లకు ఈ మంట కొత్త కాదు, రెండూ ఒకే కుటుంబం చెట్లు. మొదటి రోజు ఏమీ కాదు. రెండు మూడు రోజులకు మోచేతుల లోపల, మెడ మీద, కళ్ల కింద దద్దుర్లు లేచి, నిద్రపట్టనంత దురద పుడుతుంది. పొడుగు చేతుల చొక్కా, మణికట్టు దాకా వచ్చే చేతితొడుగులు వేసుకోండి. చెమట తుడవడానికి తొడుగు వేసిన చేయి ముఖం మీదికి పోనివ్వకండి. మధ్యాహ్నం విరామంలోనే సబ్బుతో చేతులు, మెడ కడగండి, ఆ బట్టల్ని మిగతావాటితో కలిపి ఉతక్కండి. జీడి కార్ఖానాలో పని చేస్తూ చర్మం పొంగినవాళ్లు మామిడి వదిలి ప్యాకింగ్ షెడ్డో, కూరగాయల కోతో అడగడం మంచిది.

అరటి గెలలు మోసే పని జీతం బాగుంటుంది, కానీ గెల 50 కిలోలు దాటొచ్చు. నడుము నొప్పి ఉన్నవాళ్లు దాని జోలికి వెళ్లొద్దు. మాంసం కార్ఖానాల్లో చేరాలంటే, పశువుల నుంచి సోకే క్యూ ఫీవర్ జ్వరానికి టీకా కావాలి. పరీక్ష చేసి, ఏడో రోజు చూసి, ఆ తర్వాతే టీకా వేస్తారు, కాబట్టి ఒక వారం ముందే డాక్టర్ దగ్గరికి వెళ్లండి. ఆ పనిలో ఏ జంతువు మాంసమో ముందే అడిగి, మీ మనసుకు కుదిరితేనే చేరండి.

ఒంటరిగా ఉన్నారు కాబట్టి తోట పేరు, చిరునామా, తీసుకెళ్లే వ్యాన్ నంబరు ఇంటికి పంపండి. పాస్‌పోర్ట్ ఎవరి దగ్గరా ఉంచొద్దు. ఫొటో తీసుకోనివ్వండి, పుస్తకం మీ దగ్గరే. ఆపదలో 000కి ఫోన్ చేయండి.

88 రోజులు, ఆరు నెలలు

ఒకే యజమాని దగ్గర, ఒకే చోట ఆరు నెలలకు మించి చేయకూడదన్నది వీసా షరతు. ఉత్తర ఆస్ట్రేలియాలో కొన్ని రంగాలకు, పంట, పశువుల పనికి మినహాయింపులు ఉన్నాయి.

రెండో ఏడాది కావాలంటే మొదటి ఏడాదిలో 88 రోజుల నిర్దేశిత పని చేయాలి. దీనికి మళ్లీ లాటరీ లేదు. రెండో ఏడాదిలో ఆరు నెలలు చేస్తే మూడోది. తోట పని, ఉత్తరాన గానీ మారుమూల గానీ ఉన్న చోట్ల హోటల్ పని ఇందులోకి వస్తాయి, కానీ పోస్టుకోడును బట్టి. చేరకముందే ఆ పోస్టుకోడు హోం అఫైర్స్ పట్టీలో ఉందో లేదో చూడండి. చేసిన ప్రతి వారానికీ పేస్లిప్ ఉండాలి. అందులో యజమాని పేరు, ఏబీఎన్, గంటలు, రేటు, పన్ను, సూపర్ కనిపించాలి. జీతం వేశాక ఒక పని దినంలోపు పేస్లిప్ ఇవ్వాలని చట్టం. పని ముగిసిన రోజునే, పని చేసినట్టు రుజువు చేసే 1464 ఫారం మీద యజమాని సంతకం తీసుకోండి, సీజన్ అయ్యాక యజమాని దొరకడం కష్టం. డబ్బు తీసుకుని లేని రోజులు రాసిచ్చేవాళ్ల జోలికి పోకండి, పట్టుబడితే వీసా రద్దవుతుంది.

డబ్బు ఎగ్గొడితే

ముందు లిఖితంగా, మర్యాదగా అడగండి: ఏ తేదీల్లో ఎన్ని గంటలు, ఎంత రావాలి, ఎంత వచ్చింది. వారం ఆగండి. రాకపోతే ఫెయిర్ వర్క్‌కు 13 13 94కి ఫోన్ చేయండి. ఇంగ్లీషు కష్టమైతే ముందు 131 450కి చేసి తెలుగు దుబాసీని అడగండి, ఈ సేవ ఉచితం. ‘ఫిర్యాదు చేస్తే నీ వీసా తీయిస్తా’ అని బెదిరిస్తే జంకకండి. వీసాను అడ్డం పెట్టి పనివాళ్లను బెదిరించడం 2024 జూలై 1 నుంచి నేరం.

తిరిగొచ్చే ముందు

ఆస్ట్రేలియా ఆర్థిక సంవత్సరం జూలై 1 నుంచి జూన్ 30 దాకా. పన్ను రిటర్న్ సొంతంగా వేస్తే గడువు అక్టోబర్ 31. యజమాని 30 శాతం కోసి ఉంటే తేడా వెనక్కి వచ్చేది ఇక్కడే, వదులుకోవద్దు. సూపర్ డబ్బును దేశం వదిలాక, వీసా ముగిశాక అడగాలి. దరఖాస్తు ఏటీవో వెబ్‌సైట్‌లో ఉచితం. వర్కింగ్ హాలిడే వారికి అందులో 65 శాతం పన్నుగా పోతుంది, అంటే 2,000 డాలర్లు జమైతే 700 చేతికొస్తాయి. యజమాని మారినా ఖాతా మారకూడదు: ప్రతి యజమానికీ అదే సూపర్ ఖాతా నంబరు ఇవ్వండి, లేదంటే వేర్వేరు చిన్న ఖాతాలు తెరుచుకుని వాటి రుసుములే ఆ డబ్బును తినేయొచ్చు. విమానం ఎక్కకముందు ఆ ఖాతా వివరాలు, చివరి పేస్లిప్, టీఎఫ్‌ఎన్ కాగితం ఫొటోలు తీసి మీ ఈమెయిల్‌కు పంపుకోండి. ఆస్ట్రేలియా సిమ్ ఆగిపోయాక ఓటీపీ రాదు కాబట్టి, ఖాతాలో ఫోన్ నంబరు, ఈమెయిల్ ఇక్కడివి పెట్టుకునే బయల్దేరండి.